‘స్టంప్’ దగ్గర ఆగిపోతున్నారా?

ప్రశ్న: డిగ్రీ ఫైనలియర్ చదువుతూ పోటీ పరీక్షలకు ప్రిపేర్ అవుతున్నాను. రోజుకు యాభై ఇంగ్లిష్ పదాలు బట్టీ పడుతున్నా, వారం తిరిగేసరికి సగం గుర్తుండటం లేదు. మొన్న మాక్ టెస్టులో ‘షి స్టంప్డ్ ఫర్ హర్ పార్టీ’ అనే వాక్యానికి ‘తికమక పెట్టింది’ అనే ఆప్షన్ పెట్టాను. తప్పయింది. అర్థం తెలిసిన పదమే కదా, ఎందుకిలా? వ్యాసంలో పెద్ద పదాలు రాస్తే మార్కులు ఎక్కువ వస్తాయా?

జవాబు: మీకు తెలిసిన అర్థం నిజమైనదే. కాకపోతే ఆ పదానికి ఇంకో అర్థం కూడా ఉంది. స్టంప్ అంటే చెట్టు నరికాక నేలలో మిగిలే మోడు. ఒకప్పుడు అమెరికాలో అడవులు కొట్టి ఊళ్లు కట్టుకున్న చోట్ల, ఓట్లడిగే నాయకులు అలాంటి మోడు ఎక్కి మాట్లాడేవారు. అందుకే ‘స్టంప్’ అంటే ఊరూరా తిరిగి ప్రచారం చేయడం అయింది. ప్రతి సభలోనూ నాయకుడు తిప్పితిప్పి చెప్పే ప్రసంగాన్ని ఇప్పటికీ స్టంప్ స్పీచ్ అంటారు. ఇక కొత్తగా చదును చేసిన పొలంలో నాగలి మోడుకు తగిలి టక్కున ఆగిపోవడం నుంచి ‘జవాబు తోచకుండా ఆపేయడం’ అనే అర్థం వచ్చిందని చెబుతారు.

పరీక్షలో ఈ రెండింటినీ పట్టిచ్చేది పక్కనున్న చిన్న పదం. ‘స్టంప్డ్ ఫర్ హర్ పార్టీ’లో ‘ఫర్’ ఉంది కాబట్టి ప్రచారం. ‘ద క్వశ్చన్ స్టంప్డ్ హర్’లో నేరుగా మనిషే ఉంది కాబట్టి తికమక. మీరు పదాన్ని ఒంటరిగా బట్టీ పట్టారు, ‘ఫర్’ను చూడలేదు. అక్కడే మార్కు పోయింది.

యాభై పదాల లెక్క ఈ రోజే మానేయండి. పది చాలు, కానీ ఒక్కోదానికి మన పలుకుబడి ఒకటి జత చేయండి. కారణం అంతుచిక్కకపోతే బ్యాఫుల్. దిక్కు తోచకపోతే బివిల్డర్. అందులో ‘వైల్డ్’ ఉంది, అడవిలో దారి తప్పినవాడిని ఊహించుకోండి. చిక్కుపడిన దారంలా ఉంటే పర్‌ప్లెక్స్. దాని లాటిన్ మూలానికి ‘అల్లుకుపోయిన’ అనే అర్థం. బురిడీ కొట్టిస్తే బాంబూజిల్. ఇందులో మోసం ఉంది, మిగతావాటిలో లేదు. ఆప్షన్లలో ఇవన్నీ పక్కపక్కనే ఇచ్చినప్పుడు ఈ తేడానే మిమ్మల్ని గట్టెక్కిస్తుంది. నాన్‌ప్లస్డ్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఏం చేయాలో పాలుపోని స్థితి అనేది అసలు అర్థం. అమెరికాలో కొందరు ‘చలించని’ అనే అర్థంలో కూడా వాడుతున్నారు. పరీక్షలో మొదటిదే పెట్టండి.

ఎన్నికల పదాలైతే కథలతో ఇంకా బాగా గుర్తుంటాయి. క్యాండిడేట్ అంటే లాటిన్‌లో తెల్లబట్టలు కట్టినవాడు. రోమ్‌లో పదవికి పోటీ చేసేవాళ్లు తెల్లని టోగా, అంటే ఒంటికి చుట్టుకునే పొడవాటి వస్త్రం వేసుకునేవారు. వాళ్లు ఓట్ల కోసం చుట్టూ తిరగడాన్ని సూచించే మాట నుంచే యాంబిషన్ వచ్చింది. ఇంటింటికీ తిరిగి ఓట్లడగడం కాన్వాస్. ఈ అర్థంలో స్పెల్లింగ్ చివర రెండు ‘ఎస్’లు రాస్తారు, బొమ్మలు వేసే గుడ్డకు ఒక్కటే. స్పాటింగ్ ఎర్రర్స్‌లో, అంటే వాక్యంలో తప్పు పట్టుకోమనే ప్రశ్నల్లో దీన్ని గమనించండి.

వ్యాసం సంగతి. ఫ్లమక్స్ (ఇదీ తికమక పెట్టడమే), బాంబూజిల్ మాటల్లో బాగుంటాయి, పరీక్ష పేపర్లో వద్దు. ‘ధరలు పెరగడానికి కారణం ప్రజలకు అంతుబట్టలేదు’ అని రాయాలంటే బ్యాఫుల్డ్ సరిగ్గా సరిపోతుంది, రాయండి. అర్థంలో ఏ కాస్త అనుమానమున్నా పజిల్డ్ అని రాసి తర్వాతి వాక్యానికి వెళ్లిపోండి. ఈ వారం పది పదాలకు పది సొంత వాక్యాలు రాసి, ఏడో రోజు వాక్యాల్లో ఆ పదాన్ని చేత్తో మూసి గుర్తొస్తుందో లేదో చూసుకోండి. రానివి వచ్చే వారం పదిలో మళ్లీ చేర్చండి.