రాత్రివేళ ఆరని దీపం ఎవరిది?

విశ్వాసం, సంసారం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు. ఈ నెల ఉత్తరాలన్నీ విశాఖపట్నం నుంచే వచ్చాయి.

ప్రశ్న: ఐటీ ఉద్యోగం చేస్తున్నాను, ఇద్దరు పిల్లలు. మా సంఘంలో స్త్రీల కూడిక ఎప్పుడు పెట్టినా బైబిల్లోని సామెతలు 31వ అధ్యాయమే. చీకటితోనే లేచి, రాత్రి దీపం ఆర్పని ఆ గుణవతి గురించి విన్నప్పుడల్లా ఇంటికొచ్చి ఏడుస్తాను. ఉద్యోగం మానేస్తే నువ్వూ అలా ఉండొచ్చు అంటారు మా అత్తయ్యగారు. (ఒక సోదరి, మధురవాడ)

జవాబు: సోదరీ, ఆ అధ్యాయాన్ని ఈసారి పదో వచనం నుంచి కాకుండా మొదటి వచనం నుంచి చదవండి. లెమూయేలు రాజుకు అతని తల్లి నేర్పిన మాటలని అక్కడే ఉంది. అంటే ఒక తల్లి తన కొడుకును కూర్చోబెట్టి చెబుతున్న మాటలవి. కూడికల్లో మొదటి తొమ్మిది వచనాలు వదిలేస్తారు కాబట్టి, కొడుక్కి చెప్పిన బుద్ధులు కోడళ్ల నెత్తికెక్కాయి.

10 నుంచి 31 దాకా 22 వచనాలు. హీబ్రూ అక్షరాలూ 22. ఒక్కో వచనం ఒక్కో అక్షరంతో వరసగా మొదలవుతుంది. అక్షరమాల మీద కట్టిన పద్యం అది, ఒక రోజు దినచర్య కాదు. ఉన్ని, అవిసెనార వెదికి తెచ్చే పని, పొలం కొనడం, ద్రాక్షతోట నాటించడం, నడికట్లు వర్తకులకు అమ్మడం ఒక్క వారంలో అయ్యేవా? పైగా 28వ వచనానికి పిల్లలు తల్లిని మెచ్చుకునే వయసుకు వచ్చేశారు. ఒక ఆయుష్షు మొత్తం చేసిన పనిని మీరు మీ మంగళవారంతో పోల్చుకుంటున్నారు.

ఇక ఆ దీపం. సామెతలు 13:9లో భక్తిహీనుల దీపం ఆరిపోతుందని ఉంది. అక్కడ దీపం ఆరడమంటే ఇల్లు కూలిపోవడం. అదే గ్రంథంలో ఆమె దీపం ఆరదంటే ఆ ఇంటికి లోటు లేదని అర్థం చేసుకోవడం సబబు. ఆమె నిద్రపోలేదని ఎక్కడా రాయలేదు. ‘గుణవతి’ అని మనం చదువుకునే చోట హీబ్రూలో ఉన్న ‘హయిల్’ అనే మాట బలానికీ పరాక్రమానికీ వాడేది. న్యాయాధిపతులు 6:12లో గిద్యోనును దూత పిలిచిన పిలుపులోనూ, రూతు 3:11లో రూతును బోయజు పొగిడిన మాటలోనూ ఉన్నది అదే. రూతు అప్పటికి బోయజు భార్య కాదు. బిడ్డా లేడు. పొలంలో పరిగె ఏరుకుంటున్న విధవరాలు.

ఒక కాగితం మీద రెండు వరసలు గీయండి. ఆ పద్యంలో ఆమె స్వయంగా చేసినవి ఒక వైపు, చేయించినవి ఒక వైపు రాయండి. 15వ వచనంలో పనికత్తెలు కనిపిస్తారు! తర్వాత మీ ఇంటి పనులు కూడా అలాగే రాసి, కనీసం మూడు పనుల పక్కన మీది కాని పేరు రాయండి. శనివారం రాత్రి యూనిఫాంల ఇస్త్రీ మీవారిది. ఆదివారం ఉదయం పిల్లల తలదువ్వడం, బూట్లు వెతకడం కూడా ఆయనదే. వంజరం చేప ముక్కలకు శనివారం రాత్రే ఉప్పు, పసుపు, కారం పట్టించి ఫ్రిజ్‌లో పెట్టి, చింతపండు రసం తీసి పక్కన ఉంచితే, ఆరాధన నుంచి రాగానే పులుసు అరగంటలో అయిపోతుంది. ఆరాధన మధ్యలో పొయ్యి గుర్తుకు రాదు.

ఉద్యోగం సంగతి: లూదియ ఊదారంగు పొడి అమ్మేది (అపొస్తలుల కార్యములు 16:14). ప్రిస్కిల్ల భర్తతో కలిసి డేరాలు కుట్టేది (18:3). మానాలా వద్దా అన్నది జీతం, పిల్లల వయసు, మీ ఒంట్లో ఓపిక చూసి దంపతులిద్దరూ తేల్చుకోవాల్సిన లెక్క. అత్తయ్యగారికి కూడా మొదటి వచనం నుంచే చదివి వినిపించండి. కొడుకులకు బుద్ధి చెప్పిన తల్లి ఆవిడకు నచ్చవచ్చు.

ప్రశ్న: మావారిది స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. కుటుంబ ప్రార్థన వారంలో రెండు రోజులు కూడా కుదరడం లేదు. ఇంటి యజమాని లేకుండా నేను జరిపించవచ్చా? పిల్లలకు తొమ్మిది, ఐదు. (గాజువాక)

జవాబు: జరిపించవచ్చు. తిమోతి విశ్వాసం అమ్మమ్మ లోయి, అమ్మ యునీకే నుంచి వచ్చిందని పౌలు రాశాడు (2 తిమోతి 1:5). తండ్రి గ్రీసు దేశస్థుడన్న మాట తప్ప అతని గురించి ఇంకేమీ లేదు.

గడియారానికి కట్టకండి. షిఫ్టు మారినప్పుడల్లా తప్పిపోతుంది. ఒక పనికి కట్టండి: రాత్రి భోజనమయ్యాక, కంచాలు తీసే ముందు. పది నిమిషాలు చాలు. కీర్తన రెండు చరణాలు, పది పన్నెండు వచనాలు, ఒక్క ప్రశ్న, తలా ఒక వాక్యం ప్రార్థన. మార్కు సువార్తతో మొదలుపెడితే 16 అధ్యాయాలు రెండు నెలల్లో అయిపోతాయి. 119వ కీర్తన జోలికి వెళ్లకండి, 176 వచనాలు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు పాత అనువాదంలో ‘గాలిని గద్దించి’ అనగానే అర్థం ఆగిపోతుంది. చదవడానికి వాడుక భాష అనువాదం, కంఠతాకు పాతది పెట్టుకోండి. ఫోన్‌లో మాత్రం చదవొద్దు. మూడో వచనం దగ్గర వాట్సాప్ మోగుతుంది.

చాలా ఇళ్లలో ఇది చెడేది ఒక్కచోట. “ప్రభువా, ఈ పిల్లాడికి లెక్కల్లో బుద్ధి పుట్టించు, చెల్లిని కొట్టకుండా చెయ్యి” అని తల్లి పైకే ప్రార్థిస్తుంది. అది ప్రార్థన కాదు, కళ్లు మూసుకుని తిట్టడం. పిల్లాడికి తెలిసిపోతుంది. తిట్టాలనుకుంటే కళ్లు తెరిచి ముందే తిట్టేయండి.

ప్రశ్న: నాది ప్రేమ వివాహం. అత్తవారు హిందువులు. శ్రావణ శుక్రవారం పేరంటంలో కుంకుమ, ప్రసాదం దగ్గర ప్రతి ఏడూ గొడవే. (సీతమ్మధార)

జవాబు: గొడవ కుంకుమ వల్ల కన్నా అది బయటపడే వేళ వల్ల ఎక్కువ. పదిమంది ముత్తయిదువుల ముందు చెయ్యి వెనక్కి తీసుకుంటే అత్తగారికి తలవంపు. రెండు రోజుల ముందే వంటింట్లో చెప్పండి: “అత్తయ్యా, గది సర్దుతాను, శనగలు నానబెడతాను, వచ్చినవాళ్లకు మర్యాదలు నేనే చూస్తాను. పూజలో మాత్రం కూర్చోను, బొట్టు మీరే పెట్టండి.” చెప్పినవన్నీ చేయండి.

తినే విషయంలో 1 కొరింథీయులకు 10:25–29 చూడండి. ఎదుట పెట్టింది ఆరా తీయకుండా తినమన్నాడు పౌలు. ఇది అర్పించినదని ఎవరైనా చెబితే, చెప్పినవారి మనస్సాక్షి కోసం మానమన్నాడు. కాబట్టి సంక్రాంతి అరిసె వేరు, నైవేద్యమని చెప్పి ఇచ్చింది వేరు. ముగ్గు, పూలు, గాజుల మీద సంఘాలు ఒక్కమాట మీద లేవు. రోమీయులకు 14వ అధ్యాయం చదివి మీ మనసులో మీరే తేల్చుకోండి. మీవారికి మాత్రం రోజూ వాక్యం వినిపించకండి. మాటలు లేకుండానే భార్య నడవడి వల్ల భర్త మారవచ్చని రాసింది పేతురు (1 పేతురు 3:1).

ప్రశ్న: చేతికొచ్చే జీతం 32,000. దశమభాగం మావారికి తెలియకుండా ఇస్తున్నాను. తప్పా? (గోపాలపట్నం)

జవాబు: నెలకు 3,200 అంటే ఏడాదికి 38,400. అది దాచే మొత్తం కాదు. ఆయనకే తెలిసిన నాడు గొడవ అవుతుంది, సంఘం పేరే చెడుతుంది. విశ్వాసులు ఇంత శాతం ఇవ్వాలని కొత్త నిబంధనలో అంకె ఎక్కడా లేదు. బలవంతంగా వద్దని మాత్రం ఉంది (2 కొరింథీయులకు 9:7). ఆయనతో మాట్లాడి ఇద్దరూ ఒప్పుకున్నంత ఇవ్వండి, వెయ్యి అయినా సరే.

ప్రశ్న: మా చెల్లికి పురుడై ఆరు వారాలు. పాపను చూసి సంతోషం లేదు, నిద్ర లేదు, ప్రార్థన చేయలేకపోతున్నానని ఏడుస్తుంది. విశ్వాసం తగ్గిందంటున్నారు. ఉపవాస ప్రార్థన పెడదామంటున్నారు. (భీమిలి)

జవాబు: పురుడైన మూడో నాలుగో రోజు నుంచి ఊరికే ఏడుపు రావడం చాలామంది తల్లుల్లో మామూలే. రెండు వారాల్లో పోతుంది. ఆరు వారాలైనా పోలేదంటే ప్రసవానంతర డిప్రెషన్ కావచ్చు. అది జబ్బు, మందు ఉంది. కాన్పు చేసిన డాక్టరుకు ఈ వారమే చూపించండి. థైరాయిడ్, రక్తహీనత కూడా పరీక్షిస్తారు. పాలిచ్చే తల్లి వాడదగ్గ మందులున్నాయి కాబట్టి పాలు మాన్పించే తొందర వద్దు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది.

పాలిచ్చే మనిషిని ఉపవాసం ఉంచొద్దు. ఏలీయా చచ్చిపోతానని పడుకున్నప్పుడు దూత ముందు రొట్టె పెట్టి, నీళ్లిచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చాడు (1 రాజులు 19:5–8). మీరూ అదే చేయండి. రాత్రి పదింటికి పాపకు పాలిచ్చాక చెల్లిని వేరే గదిలో పడుకోబెట్టండి. ముందే చెల్లి పిండి ఫ్రిజ్‌లో దాచిన తల్లిపాల గిన్నెను గోరువెచ్చని నీళ్లలో ఉంచి వెచ్చబెట్టి, మధ్యలో ఒకసారి ఉగ్గుగిన్నెతో మీరు పట్టండి. నాలుగైదు గంటల నిద్ర ఒక్క విడతలో దొరకాలి. ప్రార్థన ఆమె బదులు మీరు చేయండి. యెషయా 40:11లో “పాలిచ్చువాటిని ఆయన మెల్లగా నడిపించును” అని ఉంది. ఆ ఒక్క వచనం చదివి ఊరుకోండి, ప్రసంగం వద్దు.

చచ్చిపోతాననో, పాపను ఏదో చేస్తాననో అన్నా, లేనివి వినిపిస్తున్నాయన్నా ఒంటరిగా వదలకుండా ఆ రోజే కేజీహెచ్‌కు (కింగ్ జార్జ్ ఆసుపత్రి) తీసుకెళ్లండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.