ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు తీసుకోవడం మొదలుపెడితే, సాయం చేసినవాళ్లు దూరమవుతారా?

డబ్బులు తీసుకున్నందుకు ఎవరూ దూరమవ్వరు. ఇచ్చింది వెనక్కి లాక్కుంటే మాత్రం పోతారు. నేను లాక్కున్నాను కాబట్టి చెబుతున్నా.

మాది విశాఖపట్నం, మద్దిలపాలెం. మెడికల్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి, కోడ్ ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు అనే ఎంఐటీ లైసెన్సుతో బయటపెట్టాను. నలుగురైదుగురు కుర్రాళ్లు కలిశారు. అందులో గాజువాక కుర్రాడొకడు వాళ్ల మావయ్య షాపులో కూర్చుని, థర్మల్ ప్రింటర్‌లో తెలుగు బిల్లు వచ్చేలా చేశాడు. తేలికైన పనేం కాదు. ఆ చవక ప్రింటర్లకి తెలుగు అక్షరాలే తెలియవు. ‘మాత్రలు’ అని పంపితే వరసగా ప్రశ్నార్థకాలు పడేవి. ఇతను బిల్లు మొత్తాన్ని బొమ్మగా మార్చి పంపాడు.

తర్వాత నాకు ఈఎంఐల టెన్షన్ పట్టుకుంది. ‘ప్రో’ అని డబ్బు కట్టి కొనే వెర్షన్ ఒకటి మొదలుపెట్టి, షాపులవాళ్లకి ఏది లేకపోతే గడవదో చూసి, ఆ తెలుగు బిల్లునే అందులోకి తోసేశాను. లైసెన్సు ప్రకారం తప్పు లేదు, అతని పేరున్న కాపీరైట్ నోటీసూ, లైసెన్సు కాపీ ఉంచితే చాలు. ఉంచాను కూడా.

వారం తిరక్కుండా ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి దగ్గర ఆ కుర్రాడికి దొరికిపోయాను. అరుస్తాడనుకున్నా. ఫోన్ తీసి ఫొటో చూపించాడు. మావయ్య షాపు కంప్యూటర్ మీద నా మెసేజీ: ‘తెలుగు బిల్లు కావాలంటే ప్రో కొనండి.’

“ఏటన్నా ఇది? మావయ్యకి ఏటని చెప్పమంటావు?”

అంతే అన్నాడు. నా చేతిలో మురీలు మెత్తబడిపోయాయి.

పెద్దవాళ్లూ ఇదే చేశారు. 2023 ఆగస్టులో హాషికార్ప్ కంపెనీ, సర్వర్లు ఏర్పాటు చేసే తన టెర్రాఫామ్ సాఫ్ట్‌వేర్‌కి ఓపెన్ సోర్స్ లైసెన్సు తీసేసింది. నెల తిరిగేసరికి వేరేవాళ్లు దాని పాత కోడ్‌తో ఓపెన్‌టోఫు పెట్టారు. 2024 మార్చిలో రెడిస్ అనే డేటాబేస్ కంపెనీ కూడా లైసెన్సు మార్చింది, అదే నెలలో దాని పాత కోడ్‌తో వాల్కీ పుట్టింది. క్లౌడ్ కంపెనీలు తమ కోడ్ అమ్ముకుంటున్నాయన్న వాళ్ల ఏడుపు న్యాయమైనదే. 2025లో రెడిస్ ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కిందా ఇస్తామంది. అప్పటికే వాల్కీ దాని దారిన అది పోతోంది.

నేను తెలుగు బిల్లుని మళ్లీ అందరికీ ఇచ్చేశాను. ఇప్పుడు అమ్ముతున్నది నా టైమే: ఇన్‌స్టలేషన్, పాత డేటా ఎక్కించడం, ఫోన్ ఎత్తడం. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారి చాలా మందులు 12 శాతం నుంచి 5 శాతానికి దిగాయి. ముందురోజు ఆదివారం. రాత్రి ఒంటిగంట దాకా రేట్లు మారుస్తూనే ఉన్నా. ప్రో అమ్మిన నాలుగు నెలల్లో రానన్ని సర్వీసు కాంట్రాక్టులు ఆ ఒక్క వారంలో వచ్చాయి.

అయినా ‘ఫ్రీ సాఫ్ట్‌వేరే కదా’ అంటూ సరిగ్గా అన్నం ముందు కూర్చున్నప్పుడు ఫోన్ చేసేవాళ్లున్నారు. జ్వరం మాత్ర ఒక్కటి ఊరికే ఇవ్వరు ఈ పెద్దమనుషులు! ఇంగ్లీషువాళ్లకైతే ఊరికే ఇవ్వడానికీ, స్వేచ్ఛకీ ‘ఫ్రీ’ అని ఒకే మాట. మనకి ‘ఉచితం’ వేరు, ‘స్వేచ్ఛ’ వేరు. ఉండి ఏం లాభం, మనమూ ‘ఫ్రీ’ అనే అంటాం.

గాజువాక కుర్రాడు మళ్లీ కోడ్ పంపలేదు. ఇన్‌స్టలేషన్లకి మాత్రం వస్తున్నాడు, వచ్చినదాంట్లో సగం అతనిది. వాళ్ల మావయ్య షాపులో ఇంకా పాత వెర్షనే. ‘అప్‌డేట్ నొక్కొద్దు’ అని మానిటర్‌కి చీటీ అంటించి ఉంది.