పెద్ద కంపెనీ ధర తగ్గించిందని భయపడుతున్న అమ్మాయికి

అమ్మాయీ,

పెద్ద కంపెనీ మీ రంగంలోకి దిగి ధర సగానికి తెచ్చిందనీ, నువ్వూ తగ్గించాలా వద్దా చెప్పమనీ రాశావు. తగ్గించకు. ఏడాదిపాటు నష్టానికి అమ్మినా వాళ్ల లెక్కల్లో అది ప్రచార ఖర్చు కింద పోతుంది. నీకు మాత్రం అది జీతాల డబ్బు. పైగా ఒకసారి దించిన ధరను మళ్లీ పెంచాలంటే పాత కస్టమర్లే సవాలక్ష ప్రశ్నలు వేస్తారు.

నీ ఉత్తరం నిండా వాళ్లు ఏమేం చేయగలరో ఉంది. చేయగలిగి కూడా చేయడానికి ఇష్టపడనిది ఏమిటో ఒక్క ముక్క లేదు. నువ్వు వెతకాల్సింది దాన్నే. పెద్దవాళ్లకు చేతకానిది పెద్దగా ఏమీ ఉండదు. డబ్బుంది, మనుషులున్నారు, నేర్చుకుంటారు. కానీ సొంత ఆదాయానికి గండి కొట్టే పనిని మాత్రం తెలిసి తెలిసీ వాయిదా వేస్తారు.

కాపీ యంత్రాల వ్యాపారంలో ఇదే జరిగింది. జిరాక్స్ కంపెనీ పెద్ద యంత్రాలను ఆఫీసులకు అద్దెకిచ్చి, తీసిన కాపీలను బట్టి వసూలు చేసుకునేది. బాగుచేయడానికి సొంత టెక్నీషియన్ల దండు ఉండేది. 1982లో కెనాన్ ఒక చిన్న కాపియర్ తెచ్చింది. డ్రమ్ము, టోనరు లాంటి ఇబ్బంది పెట్టే భాగాలన్నీ ఒకే కార్ట్రిడ్జ్‌లో పెట్టింది. అయిపోతే వాడేవాళ్లే తీసి కొత్తది వేసుకోవచ్చు. అమ్మేది డీలర్లు. ఇందులో జిరాక్స్ ఇంజినీర్లకు అర్థం కానిదేముంది? కాకపోతే ఆ దారిలో వెళ్తే అద్దెలేం కావాలి, ఆ సర్వీసు సిబ్బంది అంతా ఏం చేయాలి?

సినిమాలు అద్దెకిచ్చే దుకాణాల కంపెనీ బ్లాక్‌బస్టర్ సంగతీ అంతే. దానికి డీవీడీలు ఆలస్యంగా తిరిగిచ్చినవాళ్ల నుంచి వసూలు చేసే రుసుముల మీద బోలెడు రాబడి. అప్పట్లో పోస్టులో డీవీడీలు అద్దెకిచ్చే నెట్‌ఫ్లిక్స్ 1999లో నెలవారీ చందా పెట్టి, డీవీడీలు ఎన్నాళ్లయినా ఉంచుకోండి అంది. బ్లాక్‌బస్టర్ 2005 దాకా రుసుము వదులుకోలేకపోయింది. 2010లో దివాలా తీసింది. దానికి అప్పులూ ఒక కారణమేలే. అయినా ఇలాంటి కథలు చదివి మరీ ఉబ్బిపోకు. 2000లో నెట్‌ఫ్లిక్స్ వాళ్లే 5 కోట్ల డాలర్లకు తమ కంపెనీని బ్లాక్‌బస్టర్‌కు అమ్ముతామని వెళ్లారు. వాళ్లు వద్దన్నారు, అంతే.

ఇప్పుడు నీ పని. నీ పోటీదారు ధర తగ్గించాడు సరే, మరి డబ్బు ఎక్కడ రాబట్టుకుంటున్నాడు? ఏళ్ల తరబడి కట్టిపడేసే ఒప్పందాలా, సర్వీసుకు వేరే చార్జీలా, మధ్యవర్తుల కమీషనా? వాళ్ల దగ్గర కొని విసిగినవాళ్లను అడుగు. సేల్స్ వాళ్లను పంపకు, నువ్వే వెళ్లు. సేల్స్ వాళ్లు ఏ బేరం పోయినా ధర వల్లే పోయిందంటారు. వాళ్లకది తేలికైన జవాబు.

వాళ్లను విసిగించిందేమిటో దొరికాక, అది లేకుండా నువ్విచ్చేదాన్ని అందరికీ అమ్మాలని చూడకు. ఆ ఇబ్బంది బాగా ఉన్న ఒక రకం కస్టమర్లను ఎంచుకుని, ఆ వర్గంలో నీ పేరే ముందు గుర్తొచ్చేలా చెయ్యి. మిగతావాళ్లలో ధర కోసమే వచ్చినవాళ్లు వెళ్తానంటే వెళ్లనియ్యి. అమ్మకాలు తగ్గినట్టు కనిపిస్తాయి, టెన్షన్ పడకు.

అన్నట్టు, సగం అమ్మకాలు ఒక్క కస్టమర్‌వేనని చివర్లో ఏదో మామూలు విషయంలా రాశావు. పోటీ కంటే నన్ను భయపెట్టింది అదే. ఆయన రేపు మనసు మార్చుకుంటే నువ్వు ఏ వ్యూహం వేసినా అమలు చేసే వ్యవధి ఉండదు. ముందు బాకీలు వసూలు చెయ్యి.

నీ మనుషులకు సంగతి దాచకు. వాళ్లకు ఇప్పటికే తెలుసు, తెలియనట్టు నటిస్తున్నారు. ఎన్ని నెలల జీతాలకు డబ్బుందో, ఏ పనులు ఆపేస్తున్నావో నువ్వే కూర్చోబెట్టి చెప్పు. మంచివాళ్లకు అవతలి నుంచి పిలుపు వస్తుంది, అంత జీతం నువ్వు ఇవ్వలేవు. వాటా ఇవ్వగలవు, నిర్ణయాలు వాళ్ల చేతికి వదలగలవు. ఆ రెండోదే నీకు కష్టమని నాకు తెలుసు.

కొత్త ధరల పట్టిక ఏదీ ఇప్పుడే బయటపెట్టకు. ముందు కస్టమర్లవారీగా అమ్మకాలు, బాకీల లెక్క నాకు పంపు.

మీ పెదనాన్న