నంబర్ ప్లేట్ లేని ఎలక్ట్రిక్ బండ్ల మీద ఎవరికి, ఎలా ఫిర్యాదు చేయాలి?

మీ వీధిలో ప్లేటు లేని ఎలక్ట్రిక్ స్కూటర్ల మీద స్కూలు పిల్లలు ముగ్గురేసి ఎక్కి దూసుకుపోతున్నారనీ, పోలీసులకు చెబితే "వాటికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదండీ" అని పంపించేశారనీ, ఇక చేసేదేమీ లేదా అనీ అడిగారు. ఉంది. కాకపోతే మీరు ప్లేటు దగ్గర మొదలుపెట్టారు, అక్కడే ఫిర్యాదు వీగిపోతుంది, ఎందుకంటే ప్లేటు లేనంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఒక మినహాయింపు ఉంది. మోటారు పవర్ 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు, బ్యాటరీ తీసేసి తూస్తే బండి బరువు 60 కిలోలు దాటకూడదు. ఈ లెక్కలో ఉన్న బండి చట్టం దృష్టిలో అసలు మోటారు వాహనమే కాదు. దానికి రిజిస్ట్రేషన్, లైసెన్స్, ఇన్సూరెన్స్ ఏదీ అడగరు. ఈ లెక్కల్లో ఏ ఒక్కటి దాటినా అది మామూలు మోటారు వాహనమే, యాక్టివాకి ఏ రూల్స్ వర్తిస్తాయో అవన్నీ దానికీ వర్తిస్తాయి, ఆకుపచ్చ ప్లేటు మీద తెల్లంకెలతో నంబర్ కూడా ఉండాలి. అంటే మీరు పోలీసుల దగ్గరికి వెళ్లినప్పుడు "ప్లేటు లేదు" అనకండి, "ఈ బండి నలభైలో పోతోంది, ముగ్గుర్ని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కుతోంది, ఇది మినహాయింపులోకి రాదు" అనండి. మొదటి మాటకి వాళ్ల దగ్గర సమాధానం రెడీగా ఉంది. రెండోదానికి అంత తేలిగ్గా దొరకదు.

మరి 25 దాటకూడని బండి 45లో ఎలా పోతోంది? షాపులోనే చేసిస్తారు. మాది విజయవాడ, ఇక్కడ ఒక షాపుకి కొనేవాడిలా వెళ్లి స్పీడ్ సరిపోదేమో అని నసిగాను. అక్కడి కుర్రాడు ఏ మొహమాటం లేకుండా ఫుట్‌బోర్డు మీది రబ్బరు మ్యాటు ఎత్తి, స్క్రూలు విప్పి, కంట్రోలర్ (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె) నుంచి వచ్చిన వైర్ల కట్టలో సన్నటి తెల్ల వైరుకున్న చిన్న కప్లర్, అంటే రెండు వైర్లని కలిపే ప్లగ్గు, పీకి చూపించాడు. "లాక్ తీసేశానన్నా, ఇంక నలభై ఐదు ఈజీగా వస్తుంది, చెకింగ్ ఉందంటే మళ్లీ గుచ్చుకో, అంతే." నిమిషం పని. దీనికి వాళ్లు డబ్బులు కూడా విడిగా తీసుకోరు, బండి అమ్ముడుపోవడానికి అదే పెద్ద ఆకర్షణ మరి. కొందరైతే వైరుతో కూడా పని పెట్టుకోరు, మోటారే పెద్దది బిగించి పైన 250 వాట్ల స్టిక్కర్ అంటిస్తారు. ఎవరైనా నిలదీస్తే "అది రేటెడ్ పవర్ సార్, పీక్ వేరే ఉంటుంది" అని ఓ క్లాసు పీకుతారు. పీక్, అంటే కాసేపు మాత్రమే ఇచ్చే గరిష్ఠ పవర్, ఎక్కువ ఉండటం నిజమే, మంచి కంపెనీ బండ్లలో కూడా ఉంటుంది, కానీ నిబంధనలో లెక్క చూసేది అరగంట పాటు ఆగకుండా ఇవ్వగల పవర్‌ని, స్టిక్కర్‌ని కాదు.

బయట నిలబడి కనిపెట్టడం ఎలా అంటే, రోడ్డు పక్కన రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం ముందే అడుగులేసి కొలుచుకోండి. అది 30 మీటర్లు అనుకుంటే, 25 స్పీడులో ఉన్న బండికి ఆ దూరం దాటడానికి నాలుగు సెకన్ల పైనే పడుతుంది, 40లో పోయేదానికి మూడు కూడా పట్టదు. ఫుట్‌పాత్ మీద నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తే టైము దాన్లోనే ఉంటుంది. ఇది కోర్టులో నిలిచే సాక్ష్యమని అనను, కానీ ఫిర్యాదుకి జత చేస్తే అవతలి మనిషి కనీసం చదువుతాడు. వెంబడించి మీ బండి మీటర్‌లో స్పీడు చూసే పని మాత్రం పెట్టుకోకండి, పిల్లలు కంగారుపడి ఇంకా గట్టిగా తిప్పుతారు.

ఇదంతా నాకెలా తెలుసంటే, మా పెద్దనాన్న రిటైర్డ్ లెక్చరర్, పొద్దున్నే బీఆర్‌టీఎస్ రోడ్డులో వాకింగ్‌కి వెళ్తారు. ట్యూషన్‌కి పోతున్న పదిహేనేళ్ల కుర్రాడు వెనక ఇద్దర్ని ఎక్కించుకుని వచ్చి గుద్దేశాడు. పెద్దనాన్న మణికట్టు విరిగింది, ఆపరేషన్ చేసి ఎముకకి ప్లేట్ వేయాల్సి వచ్చింది. కుర్రాడి తండ్రి ఆస్పత్రికి పరిగెత్తుకొచ్చాడు, మంచి మనిషే. "మాస్టారూ, దీనికి లైసెన్సూ గట్రా ఏమీ అక్కర్లేదని షాపువాడే చెప్పాడండీ, సైకిలు లాంటిదే అన్నాడండీ" అని ఒకటే మొత్తుకోలు. స్టేషన్లోనూ అదే ధోరణి. ఆర్‌సీ లేదు, ఇన్సూరెన్స్ లేదు, పిల్లాడు మైనరు, కేసు కడితే ఎవరికీ లాభం లేదు, పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకోండి అన్నారు.

ఇక్కడ ముఖ్యమైన విషయం చెప్తాను, బాగా గుర్తుపెట్టుకోండి. నిర్లక్ష్యంగా నడపడం మీద ఇప్పుడు ఉన్న బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 281లో "ఏ వాహనమైనా" అని ఉంది, మోటారు వాహనమే కావాలని లేదు. దెబ్బలు తగిలితే సెక్షన్ 125 కూడా తోడవుతుంది. కాబట్టి బండికి రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఎఫ్‌ఐఆర్ కుదరదు అనే మాట చెల్లదు. మాకు తెలిసిన లాయరు ఇది చెప్పాక రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం, అప్పటికే ఆస్పత్రిలో ఎమ్మెల్సీ (పోలీసు కేసు కోసం దెబ్బల గురించి డాక్టరు రాసే మెడికో లీగల్ రికార్డు) రాయించి ఉంచాం, దాంతో ఎఫ్‌ఐఆర్ అయింది. ఆయన చెప్పిన రెండో మాట ఇంకా విలువైనది: బండిని వదిలేయకముందే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చేత, అదే ఎంవీఐ (మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్) చేత, తనిఖీ చేయించమని పట్టుబట్టండి, రిపోర్టులో బ్రేకులు పనిచేస్తున్నాయా లేదా అని రాసి ఊరుకోకుండా మోటారు పవర్, వేగం కూడా రాయించండి. మా కేసులో మోటారు పరిమితి దాటిందని తేలింది. ఆ ఒక్క వాక్యంతో అది సైకిలు లాంటిది కాస్తా మోటారు వాహనం అయిపోయింది, నష్టపరిహారానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్లే దారి దొరికింది. దానికి గడువుంది, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దరఖాస్తు వేయాలని చట్టం. రాజీ మాటలతో ఆ ఆరు నెలలు కరిగిపోనివ్వకండి.

చివరికి లోక్ అదాలత్‌లో సర్దుబాటు చేసుకున్నాం, ఆపరేషన్ ఖర్చు కుర్రాడి తండ్రే కట్టాడు. ఆయన మీద కూడా నాకు జాలే వేసింది. లైసెన్సున్న మనిషి, ఇన్సూరెన్స్ ఉన్న బండి అయితే ఆ డబ్బు ఆయన జేబులోంచి పోయేది కాదు. పైగా మైనర్‌కి మోటారు వాహనం ఇస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 199ఎ కింద తండ్రికో ఓనర్‌కో 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు ఉన్నాయి, నాకు తెలియదు అనే సాకు బండి స్వయంగా కొనిచ్చిన తండ్రికి దొరకదు. మీ వీధిలో తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు "మీవాడు అల్లరి చేస్తున్నాడు" అంటే పోట్లాటకొస్తారు. ఈ సెక్షన్ సంగతీ, ఎవరికైనా తగిలితే ఆస్పత్రి బిల్లు మీ నెత్తినే పడుతుందనే సంగతీ చెప్పండి. ఇలా చెప్పాక మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ఆ వారమే కప్లర్ మళ్లీ పెట్టించుకున్నారు.

ఫిర్యాదు ఎవరికి అంటే, రోడ్డు మీద దొరికిన బండికి ట్రాఫిక్ పోలీసులు. కానీ ఫోటో తీసి పంపితే చలానా వేసే పద్ధతి ఇక్కడ పనికిరాదు, నంబరే లేని బండికి చలానా ఎవరి పేరున వేస్తారు? ఆపి పట్టుకోవాల్సిందే. అందుకే ఏ టైముకి, ఏ కాలేజీ గేటు ముందు, ఏ సందులోంచి అని రాసివ్వండి, "మా ఏరియాలో ఎక్కువైపోయాయి" అంటే ఎవరూ రారు. పట్టుకుంటే కేంద్ర చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేనందుకు మొదటిసారి 5,000 దాకా, లైసెన్స్ లేనందుకు 5,000, ఇన్సూరెన్స్ లేనందుకు 2,000 పడతాయి, బండి సీజ్ చేసే అధికారం కూడా ఉంది.

నా మటుకు నేను అసలు ఫిర్యాదు షాపు మీద పెట్టాలంటాను. ఒక కుర్రాణ్ని పట్టిస్తే ఒక బండి ఆగుతుంది, ఆ షాపు మాత్రం ఆ సాయంత్రమే ఇంకో నాలుగు లాకులు తీస్తుంది. నిబంధనలకు విరుద్ధమైన బండి అమ్మిన డీలర్‌కి అదే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఎ కింద బండికి లక్ష జరిమానా గానీ, ఏడాది దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. రవాణా శాఖ ఆఫీసులో రాసిచ్చి ముద్ర వేసిన కాపీ తీసుకోండి, కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అదే కాపీ జత చేసి ఇవ్వండి, అక్కడ నంబర్ ఇస్తారు కాబట్టి ఏదో ఒక జవాబు రాయక తప్పదు. "లైసెన్స్ అక్కర్లేదు" అని నమ్మించి అమ్మారు కాబట్టి కొన్నవాళ్లు కూడా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. బిల్లు మీద షాపు ఏం రాసిందో చూడండి, చాలాసార్లు వాట్లు రాయాల్సిన చోట ఖాళీ ఉంటుంది.

డెలివరీ కుర్రాళ్ల సంగతి వేరు. వాళ్లలో చాలామంది బండి కొనలేదు, రోజువారీ అద్దెకి తెచ్చుకున్నారు, లైసెన్స్ లేకపోయినా ఉద్యోగం దొరికేది దీనివల్లే. వాళ్లని ఆపి తాళాలు లాక్కునే పని చేయకండి, మీకా హక్కు లేదు, వాడి ఆ రోజు సంపాదన పోతుంది తప్ప అద్దెకిచ్చినవాడికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అద్దె బండ్ల మీద కంపెనీ పేరు ఉంటుంది కదా, ఫిర్యాదులో ఆ పేరు రాయండి.

ఇలా లాక్ తీసిన బండి మీ ఇంట్లోనే ఉంటే బ్యాటరీ మీద కూడా ఓ కన్నేయండి. 2022 ఏప్రిల్‌లో మా ఊళ్లోనే ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయాడు, అదే ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ ఉన్న లాడ్జి తగలబడి ఎనిమిది మంది పోయారు. పడకగదిలో, మెట్ల కింద, రాత్రంతా చార్జింగ్ పెట్టడం వద్దు.

చివరగా, పిల్లల వీడియోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొచ్చా అని కూడా అడిగారు. వద్దు. కేసులో ఉన్న మైనర్ల వివరాలు బయటపెట్టడాన్ని జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 నిషేధిస్తుంది, ఆ వీడియో తిరిగి తిరిగి మీ మీదే కేసుగా రావచ్చు. వీడియో ఫిర్యాదుతో పాటు పోలీసులకో రవాణా శాఖకో ఇవ్వండి, గ్రూపులో పెట్టాలనిపిస్తే షాపు ఇచ్చిన బిల్లు, దాని మీద ఖాళీగా వదిలేసిన వాట్ల గడి ఫోటో పెట్టండి, కొన్నవాళ్ల పేరూ ఫోన్ నంబరూ మాత్రం కొట్టేసి.