త్వరలో వచ్చే ఫీచర్‌కి ఇప్పుడే డబ్బులా?

ప్రశ్న: మావాడు కొత్త ఫోన్ కావాలని ప్రాణం తీస్తున్నాడు. అందులోని ఏఐ మన మెయిళ్లు, మెసేజీలు చదివి పనులన్నీ చక్కబెడుతుందట. కాకపోతే ఆ సదుపాయం "త్వరలో" అప్‌డేట్‌లో వస్తుందట. కొనమంటారా? – ఓ తల్లి, తెనాలి

జవాబు: ఆ "త్వరలో" దగ్గరే ఆగండమ్మా. 2024 జూన్‌లో ఆపిల్ తన ఫోన్లలో మన మాట విని జవాబిచ్చే "సిరి" సహాయకిని సరిగ్గా ఇలాగే చూపించింది. అమ్మ ఎక్కిన విమానం ఎప్పుడు దిగుతుందని అడిగితే, మెయిల్ వెతికి చెప్పేస్తుంది! ఐఫోన్ 16 ప్రకటనల్లోనూ దాన్ని వాడుకున్నారు. జనం కొన్నారు. 2025 మార్చిలో "ఆలస్యమవుతుంది" అని చెప్పి ప్రకటన తీసేశారు. ఫోన్ డబ్బు మాత్రం ఆలస్యం కాకుండా ముందే తీసుకున్నారు లెండి.

ఇదే కంపెనీ 2017లో ఎయిర్‌పవర్ అనే ఛార్జింగ్ పలకను వేదిక మీద చూపించి, 2019లో మానేశామంది. అది అసలు అంగడికే రాలేదు. మన దేశంలో 2016 నాటి ఫ్రీడమ్ 251 గుర్తుందా? 251 రూపాయలకే స్మార్ట్‌ఫోన్! విలేకరులకిచ్చిన నమూనా మీద వేరే కంపెనీ పేరు కనపడకుండా వైట్‌నర్ పూశారు.

షాపుకి వెళ్లి, ఆ పని ఇప్పుడే, మీవాడు మాట్లాడే తెలుగులోనే చేసి చూపించమనండి. వీడియో పెట్టి చూపిస్తే లెక్కలోకి రాదు. అప్పుడు ఆ ఫీచర్ లేదనే అనుకుని, బ్యాటరీ, కెమెరా, సర్వీస్ సెంటర్ మీ ఊళ్లో ఉందా లేదా, ఇవే చూసుకుని బేరమాడండి.