కొలనోస్కోపీకి ఇంకా మూడు వారాలుంది.. అప్పటిదాకా ఈ కడుపుతో ఎట్లా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. వయసు 37. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఐదు నెలలుగా తిన్న గంటకే కడుపు ఉబ్బుతోంది, బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు నొప్పి. నాలుగు రోజులు విరేచనాలు, తర్వాత మూడు రోజులు అసలే రాదు. 58 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 55. నల్లగొండలో స్కానింగ్ తీస్తే నార్మల్ అన్నారు. ఎండోస్కోపీలో కొంచెం గ్యాస్ట్రైటిస్ (జీర్ణాశయం లోపలి పొర వాపు) ఉందట. హైదరాబాద్‌లో కొలనోస్కోపీకి (పెద్దపేగు లోపల గొట్టంతో చూసే పరీక్ష) మూడు వారాల తర్వాత తేదీ ఇచ్చారు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన విరేచనాల గోలీలు మూడుసార్లు వాడాను. గ్యాస్ గోలీ రోజూ వేసుకుంటున్నా. యూట్యూబ్‌లో చూసి నెల నుంచి చపాతీ మానేశాను. మా అత్తమ్మ ‘ఎవరో మందు పెట్టిండ్రు, కక్కించాలె’ అంటోంది. మా వారేమో ఫ్లోరైడ్ నీళ్ల వల్లే అంటున్నారు. పరీక్షలయ్యే దాకా నేనేం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో నా కన్ను ముందు ఆగింది 58, 55 అనే అంకెల దగ్గర. కావాలని తగ్గకుండా ఆరు నెలల్లో ఒంటి బరువులో 5 శాతం పోతే మేం దాన్ని పట్టించుకుంటాం. 58లో 5 శాతమంటే 2.9 కిలోలు. మీరు ఆ గీత దాటారు. తింటే నొప్పి వస్తుందన్న భయంతో సగం కడుపుకే తింటుంటే బరువు తగ్గడానికి అదే కారణం కావచ్చు. అయినా సరే, తేదీ ఇచ్చిన ఆస్పత్రికి ఫోన్ చేసి ఈ బరువు సంగతి చెప్పండి. ఎవరైనా తేదీ మానుకుంటే ఆ చోటు మీకిమ్మని అడగండి. చాలామంది మొహమాటంతో అడగరు. వారానికోసారి ఒకే తూకం మీద, పొద్దున ఏమీ తినకముందు బరువు చూసి రాసుకోండి.

స్కానింగ్ నార్మల్ అంటే కడుపులో ఏమీ లేదని కాదు. కాలేయం, పిత్తాశయం, కిడ్నీలు, గర్భసంచి చూడటానికి అది బాగా పనికొస్తుంది. పేగు లోపలి పొర మాత్రం అందులో సరిగ్గా కనిపించదు, గ్యాస్ అడ్డొస్తుంది. ఎండోస్కోపీ గొట్టం జీర్ణాశయం దాటి చిన్నపేగు మొదటి భాగం దాకా పోయి ఆగుతుంది. ఆ తర్వాత చిన్నపేగు ఇంకా కొన్ని మీటర్లు ఉంటుంది, దాని వెనక పెద్దపేగు. అంటే మీ కడుపులో ఇప్పటిదాకా చూసినదాని కన్నా చూడాల్సిందే ఎక్కువ. ఇక ‘కొంచెం గ్యాస్ట్రైటిస్’ అన్న మాట ఎంతమంది రిపోర్టుల్లో ఉంటుందో లెక్కలేదు. తిన్నాక ఉబ్బరానికి అది కొంత కారణం కావచ్చేమో గానీ, విరేచనం ఓసారి అట్లా, ఓసారి ఇట్లా అవడానికి కాదు.

మీ వరస చూస్తే ఐబీఎస్‌కు దగ్గరగా ఉంది. అంటే పరీక్షల్లో పుండు, వాపు ఏమీ కనిపించకపోయినా పేగు తీరు తప్పి ఇబ్బంది పెట్టే జబ్బు. వారానికి కనీసం ఓ రోజు చొప్పున మూడు నెలలుగా నొప్పి, అది విరేచనంతో ముడిపడి ఉండటం, విరేచనం తీరు మారడం దాని గుర్తులు. కానీ బరువు తగ్గినవాళ్లకు పరీక్షలు కాకముందే ఆ పేరు పెట్టను. మన దగ్గర ఇంకో అనుమానం కూడా ఉంటుంది, పేగు టీబీ. దగ్గు ఉండకపోవచ్చు, ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగానే ఉండొచ్చు. చిన్నపేగు పెద్దపేగులో కలిసేచోట అది ఎక్కువగా కూర్చుంటుంది. క్రోన్స్ అనే ఇంకో జబ్బు కూడా అక్కడే వచ్చి, చూడటానికి అచ్చం దానిలాగే ఉంటుంది. కొలనోస్కోపీలో ముక్క తీసి పరీక్షించడం అందుకే. మీకు టీబీ ఉందని నేననడం లేదు. ఉన్నా మందులతో నయమయ్యేదే, సర్కారు దవాఖానలో ఆ మందులు ఉచితం.

ఇప్పుడు మీ విరేచనాల గోలీల సంగతి. ఆ స్ట్రిప్ మీద ‘ఓఫ్లాక్సాసిన్’ అని ఉందేమో చూడండి. మన పల్లెల్లో కడుపు చెడిందంటే ముందు ఇచ్చేది చాలాసార్లు అదే. ఆ కుటుంబం మందులు టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తాయి. నాలుగు రోజులు వేసుకుంటే కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది, జబ్బు నక్కి కూర్చుంటుంది, తర్వాత ముక్క పరీక్షలో దొరక్కుండా పోవచ్చు. కాబట్టి కొలనోస్కోపీ అయ్యేదాకా డాక్టర్ రాయని యాంటీబయాటిక్ ఒక్కటి కూడా వద్దు. స్టెరాయిడ్ కలిపిన సూదులూ వద్దు. విరేచనాలు ఎక్కువైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి తాగండి, చాలావరకు గ్లూకోజ్ బాటిల్ అవసరం ఉండదు. తలనొప్పికో నడుంనొప్పికో మాత్ర కావాలంటే పారాసిటమాల్ చాలు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ పేగు పొరను గీరుతాయి.

గ్యాస్ గోలీదీ ఇదే కథ. ఎండోస్కోపీ రోజు హెచ్ పైలోరీ కోసం ముక్క తీశారా? ఆ క్రిమి వల్ల కడుపులో పుండు పడుతుందని కనిపెట్టినందుకే మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. ప్యాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ గోలీలు వేసుకుంటూ ఆ పరీక్ష చేయించుకుంటే క్రిమి ఉన్నా లేదని రావచ్చు. రెండు వారాలు మందు ఆపి చేయాలి, యాంటీబయాటిక్ వాడితే నాలుగు వారాలు ఆగాలి. మీరు ఆపకుండా వెళ్లి ఉంటే ‘నెగటివ్’ను నమ్మకండి. ఎండోస్కోపీ చేసిన డాక్టర్‌కే ఈ మాట చెప్పి, ఎప్పుడు ఆపాలో అడగండి. ఆపిన మొదటి కొద్దిరోజులు మంట పెరగొచ్చు, కంగారుపడొద్దు.

చపాతీ కూడా అంతే. గోధుమ పడని సీలియాక్ జబ్బు ఉత్తరాదితో పోలిస్తే మనవైపు తక్కువే. దానికి రక్తపరీక్ష ఉంది, కానీ గోధుమ తింటూ ఉంటేనే అది జబ్బును పట్టుకుంటుంది. నెలరోజులు మానేసి వెళితే నార్మల్ రావచ్చు. మీరు మానేసినా విరేచనాల్లో మార్పు లేదంటే మళ్లీ తినండి. మార్పు ఉంటే అదీ డాక్టర్‌కు చెప్పండి. జొన్నరొట్టె వేరే సంగతి, ఈ జబ్బులో పడని గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ జొన్నలో ఉండదు. పీచు మాత్రం ఎక్కువ, ఉబ్బరం ఉన్నరోజు రెండు బదులు ఒకటి తినండి.

అత్తమ్మ మాటకొద్దాం. కోపం తెచ్చుకోకండి, ఆమె భయం ఆమెది. పెట్టుడు మందు కక్కించుకుని వచ్చినవాళ్లను ఈ ప్రాంతంలో నేను చాలామందినే చూశాను. ఒకాయన కక్కిన ముద్దను హార్లిక్స్ సీసాలో వేసి తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. పుల్లతో కదిపి చూపించాను. జిగురు, తాగించిన ఆకుపసరు, అంతే. ముద్ద బయటికొచ్చిందని ఇంటిల్లిపాదీ సంతోషించారు, కడుపునొప్పి మాత్రం పోలేదు. నాకు భయం ఆ ముద్ద గురించి కాదు. బలవంతంగా కక్కితే అన్నవాహిక చీరుకుని రక్తం పడొచ్చు, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ‘పెద్దపేగు పరీక్ష అయినంక చూద్దాం అత్తమ్మా’ అని ఆపండి. ఇంట్లో గొడవ కన్నా అది నయం.

మీ వారి అనుమానంలో కొంత నిజం లేకపోలేదు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరునీళ్ల చరిత్ర తెలిసిందే. లీటరులో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లలో ఎముకలు, పళ్లే కాదు, కడుపులో నొప్పి, ఉబ్బరం, మలబద్ధకం కూడా కనిపిస్తాయి. తాగేవి కృష్ణా నీళ్లే అయినా వంటకు బోరునీళ్లు పోస్తుంటే అది మార్చండి. కానీ బరువు తగ్గడాన్ని ఫ్లోరైడ్ ఖాతాలో రాసేసి కొలనోస్కోపీ మానుకోవద్దు.

ఈ మూడు వారాలూ ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. టీచర్ కదా, మీకిది నేర్పక్కర్లేదు. ఏం తిన్నారు, ఎన్నింటికి, నొప్పి ఎప్పుడొచ్చింది, విరేచనం గట్టిదా, నీళ్లదా, నిద్రలోంచి లేచారా, నెలసరి ఏ రోజు. నా దగ్గరికి వచ్చిన ఓ టీచరమ్మ నోట్‌బుక్‌లో నొప్పి ఎప్పుడూ పదకొండింటికే ఉంది. పొద్దున ఏమీ తినకుండా రెండు టీలు తాగి బడికి పోయి, ఇంటర్వెల్‌లో స్టాఫ్‌రూంలో మూడో టీ. పాలు పడకపోవడం మనలో మామూలే, మజ్జిగ మాత్రం చాలామందికి పడుతుంది. పచ్చి ఉల్లిగడ్డ, అలసందలు, శనగలు వారంపాటు తగ్గించి చూడండి. మారింది రాసుకోండి. ఒకేసారి పది మానేస్తే ఏది కారణమో తెలియదు, పైగా బరువు ఇంకా తగ్గుతుంది. కారం తొక్కు లేనిదే ముద్ద దిగదంటారా, సగం వేసుకోండి.

‘అంతా మనసులోనే ఉంది’ అని ఎవరైనా అంటే వదిలేయండి. పేగుకు తనదైన నరాల వల ఉంది. దిగులు దాన్ని కదిలిస్తుంది, అది కదిలితే దిగులు పెరుగుతుంది, రెండూ నిజమే.

కొన్నింటికి మాత్రం తేదీ దాకా ఆగకూడదు. మలంలో రక్తం పడినా, తారులా నల్లగా వచ్చినా (ఐరన్ గోలీలు వాడేవాళ్లకు ఊరికే నల్లగా రావచ్చు, అది వేరు), వాంతులు ఆగకపోయినా, పొట్ట బిగుసుకుని గాలి కూడా పోకపోయినా, సాయంత్రాలు జ్వరం వస్తున్నా, కళ్లు పచ్చబడినా అదే రోజు నల్లగొండ పెద్దాస్పత్రికి వెళ్లండి. లేవలేకపోతే 108కి ఫోన్ చేయండి.

కొలనోస్కోపీకి రెండు మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, జొన్నరొట్టె, జామ, టమాటా గింజలు మానేసి మెత్తటి అన్నం, పెరుగు తినండి. ఐరన్ గోలీలుంటే వారం ముందు ఆపాలి, మలం నల్లగా పేగుకు అంటుకుని ఏమీ కనపడనివ్వదు. పేగు శుభ్రం కావడానికి వాళ్లిచ్చే పొడి కలిపిన నీళ్లు చెప్పినంతా, చెప్పిన వేళకు తాగండి. చివరికి పల్చని పసుపు నీళ్లలా రావాలి, మడ్డి ఉంటే పరీక్ష మళ్లీ చేయాల్సి వస్తుంది. వాడిన గోలీల ఖాళీ స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని, నోట్‌బుక్‌తో పాటు పట్టుకెళ్లండి. మీ వారిని వెంట తీసుకెళ్లండి, మత్తు ఇస్తే ఆ రోజు దేవరకొండ బస్సులో ఒంటరిగా రానివ్వరు.