చిట్టీ, క్యాంప్‌కి వెళ్లేముందు ఇది చదువు

చిట్టీ,

ఆదివారం అన్నయ్య ఫోన్ చేసి అరగంట మాట్లాడాడు. అందులో ఇరవై ఐదు నిమిషాలు డ్రాఫ్ట్ గురించే, అదే, ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్లు కాలేజీ అమ్మాయిల్ని వంతులవారీగా ఎంచుకునే రోజు గురించి. నీ పేరు ఏ రౌండ్లో పిలుస్తారు, ఆ రోజు ఏం వేసుకోవాలి, చుట్టాల్లో ఎవరెవర్ని పిలవాలి... పెళ్లి పనులు చూస్తున్నట్టే ఉంది ఆయన వరస. మిగిలిన ఐదు నిమిషాల్లో మాత్రం నీ కుడి మోకాలు నొప్పిగా ఉంటోందని, నువ్వు ట్రైనర్‌కి చెప్పలేదని అన్నాడు. నేను రాస్తున్నది ఆ ఐదు నిమిషాల గురించి, ఆయన అసలు అడగని ఇంకొన్ని విషయాల గురించి.

ముందు లెక్క చూడు. 2024లో డబ్ల్యూఎన్‌బీఏలో, అంటే అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్‌లో, 12 జట్లు. జట్టుకి ఎక్కువలో ఎక్కువ 12 మంది. అంటే మొత్తం 144 చోట్లు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో మూడు రౌండ్లు కలిపి 36 మందిని తీసుకున్నారు. వాళ్ల కోసం 36 మంది పాతవాళ్లు లేచి వెళ్లిపోతారా? పోరు. పైగా జీతాల పరిమితికి లోబడి ఉండాలని అప్పట్లో కొన్ని జట్లు పదకొండు మందితోనే సీజన్ లాగించేసేవి. 2025లో గోల్డెన్ స్టేట్ జట్టు చేరింది, 2026కి టొరంటో, పోర్ట్‌లాండ్ జట్లు కూడా వచ్చాయి కాబట్టి మా రోజులకంటే నీకు కాస్త నయమే. అయినా మూడో రౌండ్లో పేరు పలికిన అమ్మాయిల్లో చాలామంది మే నెల మధ్యకల్లా ఇంట్లోనే ఉంటారు. డ్రాఫ్ట్ అంటే ఉద్యోగం వచ్చినట్టు కాదు, ఇంటర్వ్యూకి పిలుపు వచ్చినట్టు. మీ నాన్నకి ఇది నేనూ చెప్తాను, నువ్వూ చెప్పు.

నన్నయితే డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. ఒక జట్టు, సీజన్ ముందు మనుషుల్ని వడపోసే క్యాంప్‌కి రమ్మంది. కాలేజీలో మ్యాచ్‌కి పదహారు పాయింట్లు కొట్టినదాన్ని కదా, ఇక్కడా కొట్టి చూపిస్తే ఉంచుకుంటారనుకున్నాను. బాల్ చేతికొస్తే చాలు, షాట్ వేసేశాను. కొన్ని పడ్డాయి కూడా. తొమ్మిదో రోజు పొద్దున ఇంకా లేసులు కట్టుకోకముందే అసిస్టెంట్ కోచ్ వచ్చి ఆఫీసు గదిలోకి రమ్మంది. మూడు నిమిషాల్లో అయిపోయింది. వాళ్లేమీ దురుసుగా మాట్లాడలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

చాలా ఏళ్ల తర్వాత, నేనే కోచింగ్‌కి వచ్చి అవతలి కుర్చీలో కూర్చున్నాక అర్థమైంది. ఆ జట్టులో షాట్లు వేసేవాళ్లు అప్పటికే నలుగురున్నారు. వాళ్లకి కావాల్సింది బెంచ్ మీంచి లేచి ఎనిమిది నిమిషాలు ఎదుటి పాయింట్ గార్డ్‌కి, అంటే బాల్ తెచ్చి ఆట నడిపించే అమ్మాయికి, ఊపిరాడనివ్వని మనిషి. ఆ తొమ్మిది రోజుల్లో నేను ఎవరినీ ఆపడానికి ప్రయత్నించలేదు.

నీ వీడియోలు మొత్తం చూశాను చిట్టీ. నువ్వు మంచి షూటర్‌వే, కానీ ఈ లీగ్‌లో షూటర్లకి కొదవ లేదు. నీలో నాకు నచ్చింది వేరే ఉంది. అవతలివాళ్లు నీ దారికి అడ్డంగా నిలబడి స్క్రీన్ పెట్టినా దాని మీద ఆగిపోవు, సన్నగా పక్కనుంచి జారుకుని మళ్లీ నీ మనిషిని పట్టుకుంటావు. అదే నీ ఉద్యోగం అనుకో. దానికి తోడు మూల నుంచి త్రీ, అదే మూడు పాయింట్ల షాట్, పడితే చాలు. నీ కోచ్‌ని అడుగు, మిగిలిన మ్యాచ్‌ల్లో అవతలి జట్టు గార్డుల్లో గట్టిదాన్ని నీకే అప్పజెప్పమను. నీ పాయింట్లు పద్నాలుగు నుంచి పదికి తగ్గితే అన్నయ్య కంగారుపడతాడు, పడనీ.

పేరు పిలవకపోతే అంతా అయిపోయినట్టేనా అంటే, కాదు. బెకీ హామన్‌ని 1999 డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టూ తీసుకోలేదు. న్యూయార్క్ క్యాంప్‌లో చోటు సంపాదించుకుంది, ఆరుసార్లు ఆల్-స్టార్ అయింది, 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కింది. ఎరికా వీలర్‌ని 2013లో ఎవరూ తీసుకోలేదు. విదేశాల్లో ఆడి 2015లో లీగ్‌లోకి వచ్చింది, 2019 ఆల్-స్టార్ మ్యాచ్‌లో ఎంవీపీ, అంటే ఉత్తమ ప్లేయర్, ఆమే. అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు, నాకు జరగలేదు కదా. కానీ క్యాంప్ నుంచి పంపేశాక కూడా ఫోన్ మోగుతుంది. జూన్‌లో ఎవరికో దెబ్బ తగులుతుంది, కొద్దిరోజుల కాంట్రాక్ట్‌కి రమ్మంటారు. అప్పటికి నువ్వు ఫిట్‌గా ఉన్నావా లేదా అన్నదే ప్రశ్న.

ఆటలో తేడాల గురించి ఎక్కువ టెన్షన్ పడకు. త్రీ గీత దూరం 2021 నుంచి కాలేజీలోనూ 22 అడుగుల ఒకటిముప్పావు అంగుళాలే, బాల్ అదే, క్వార్టర్లు పది నిమిషాలే. మారేది గడియారం, బాల్ చేతికొచ్చాక షాట్ వేయడానికి ఇచ్చే టైమ్. కాలేజీలో ముప్పై సెకన్లు, అక్కడ ఇరవై నాలుగు. ఆరు సెకన్లే కదా అనిపిస్తుంది. నువ్వు బాల్ తెచ్చి, చెయ్యెత్తి ప్లే చెప్పి, అది కుదరక రెండోది మొదలుపెట్టే టైమ్ అదే. ఇప్పటి నుంచే ప్రాక్టీస్‌లో ఇరవై నాలుగు పెట్టుకుని ఆడు. డిఫెన్స్‌లో ఎవరినీ కాయకుండా బాస్కెట్ కింద మూడు సెకన్లు నిలబడటం కూడా అక్కడ కుదరదు, కాబట్టి వెనక పెద్ద పిల్ల ఉంది చూసుకుంటుందిలే అనుకోవడానికి లేదు. ఇంక అవతల ఉండేది ఇరవై ఏళ్ల పిల్ల కాదు, పదేళ్లుగా ఇదే పని చేస్తున్న ముప్పై రెండేళ్ల ఆవిడ. నడుము దగ్గర ఒక చిన్న తోపు తోస్తుంది, రిఫరీకి కనబడదు.

ఇప్పుడు మోకాలు. నేను చివరి ఏడాది నొప్పి దాచి ఆడాను, డ్రాఫ్ట్ ముందు విషయం బయటికి పొక్కకూడదని. క్యాంప్‌లో మొదటిరోజు మెడికల్ పరీక్షలోనే అది బయటపడింది. దాచినందుకు ఒరిగింది ఏమీ లేదు, వాపు తప్ప. సూ బర్డ్‌కి యూకాన్‌లో (కనెటికట్ యూనివర్సిటీలో) మొదటి ఏడాదే, 1998లో, మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగి ఎనిమిది మ్యాచ్‌లతో సీజన్ అయిపోయింది. 2002 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్, అంటే అందరికంటే ముందు తీసుకున్నది, ఆమెనే, 2022 దాకా ఆడింది. దెబ్బ కంటే దాన్ని దాచడమే ఎక్కువ చేటు. పైగా నీకు మధ్యలో విశ్రాంతి ఉండదు. 2024లో కెయిట్లిన్ క్లార్క్ ఏప్రిల్ 7న కాలేజీ ఫైనల్ ఆడింది, 15న డ్రాఫ్ట్, మే 14న లీగ్‌లో మొదటి మ్యాచ్. నవంబర్లో మొదలైన కాళ్లకి వచ్చే శరదృతువు దాకా ఆగడం లేదు.

విదేశీ క్లబ్బు విషయం. టర్కీ, ఇటలీ, స్పెయిన్, ఆస్ట్రేలియా, ఎక్కడి నుంచి పిలుపు వచ్చినా చిన్నతనంగా అనుకోకు. నేను ఏడు సీజన్లు అక్కడే బతికాను, ఆట అక్కడే నేర్చుకున్నాను. కానీ కాంట్రాక్ట్ చదవకుండా సంతకం పెట్టి ఒక క్లబ్బులో రెండు నెలల జీతం పోగొట్టుకున్నాను. గొడవొస్తే అక్కడి ఊరి కోర్టుకే వెళ్లాలని, నాకు రాని భాషలో రాసుంది. నువ్వు అలా చెయ్యకు. వివాదం వస్తే జెనీవాలో ఉన్న ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ తేల్చాలన్న మాట కాంట్రాక్ట్‌లో ఉండాలి. అది ఇచ్చిన తీర్పు ప్రకారం డబ్బు కట్టని క్లబ్బును కొత్త ప్లేయర్లని తీసుకోనివ్వకుండా ఫిబా ఆపగలదు, అందుకే క్లబ్బులు దానికి భయపడతాయి. జీతం ఏ తేదీన పడుతుంది, దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది, ఫ్లాట్ నీ ఒక్కదానికేనా, రానుపోను టికెట్లు ఎన్ని, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. "మా మాట నమ్మండి" అన్నారంటే లేనట్టే లెక్క.

ఏజెంట్‌గా మన చుట్టాలబ్బాయి లాయరు ఉన్నాడు కదా అంటున్నాడు అన్నయ్య. మంచి పిల్లాడే, ఇళ్ల రిజిస్ట్రేషన్లు చేయించుకోవచ్చు. నీకు కావాల్సింది ప్లేయర్స్ యూనియన్ సర్టిఫై చేసిన ఏజెంట్, విదేశాలకి ఫిబా లైసెన్స్ కూడా ఉన్నవాళ్లు. మొదటి మీటింగ్‌లో ఒక్కటే అడుగు: "క్యాంప్ నుంచి తీసేస్తే మర్నాడు మీరేం చేస్తారు?" తడబడితే వదిలెయ్యి.

డబ్బు సంగతి ఒక్క ముక్క. 2024లో మొదటి పిక్‌కి మొదటి ఏడాది జీతం 76,535 డాలర్లు, మూడో రౌండ్ అయితే 64,154. అదీ సీజన్ మొత్తం జట్టులో ఉంటేనే. ఏ ఏడాది లెక్క ఆ ఏడాదిదే, నీ ఏజెంట్‌ని అడిగి తెలుసుకో. ఎన్‌ఐఎల్ కింద, అంటే కాలేజీలో ఉండగా నీ పేరూ ఫొటో వాడుకున్నందుకు, నీకొచ్చిన డబ్బులో ఎవరూ పన్ను కోసుకోలేదు, ఏప్రిల్‌లో నువ్వే కట్టాలి. ఇప్పుడే పక్కన పెట్టు. ఆ మిగిలిన రెండు కోర్సులు కూడా పూర్తి చేసెయ్యి, ఏ దేశంలో ఉన్నా ఆన్‌లైన్‌లో చేసుకుందాంలే అనుకుని నేను ఆరేళ్లు ఈడ్చాను.

రేపు పొద్దున ట్రైనర్ దగ్గరికి వెళ్లి మోకాలు చూపించు. స్కాన్ తీయించమంటే తీయించుకో, రిపోర్ట్ నాకు పంపు. అన్నయ్యకి నేను చెప్తాను, నువ్వు కంగారుపడకు. పోయిన గురువారం మ్యాచ్ మూడో క్వార్టర్ వీడియో కూడా పంపు, ఆ ఎడమ వైపు స్క్రీన్ల దగ్గర నీ కాలు ఎందుకు ఆలస్యమవుతోందో ఇంకోసారి చూడాలి.

మీ అత్త